సైలెన్సర్ మీద వేలు

ఆమె ఇంజన్ తాడు లాగింది. లోపల ఏదో గరగరమంటూ తిరిగింది, తిరిగినట్టే తిరిగి ఆగిపోయింది. మళ్ళీ లాగింది, మళ్ళీ అదే గరగర, అదే మొండితనం, మూరెడు పొడవున్న బొమ్మకారుకి ఇంత పంతమా, బొమ్మకారు అనకూడదు, అంటే తమ్ముడికి ఒళ్ళు మండుతుంది, మండేది, ఇప్పుడు ఏమన్నా మండటం లేదు, బాధంతా అదే. నిజం కారుకి ఉన్నట్టే దీనికీ ఇంజన్ ఉందక్కా, పిస్టన్ ఉంది, కార్బొరేటర్ ఉంది, ప్లగ్గు ఉంది, సైలెన్సర్ ఉంది, బ్యాటరీ వేస్తే గుర్రుమనే పిల్లల ఆట వస్తువు కాదిది, ఇంధనం తాగి పరిగెడుతుంది, చేతిలో రిమోట్ ఉంటే చాలు అని వాడు గంటల తరబడి వాదించిన రోజులు ఉండేవి. అప్పుడు సగం విని వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఇప్పుడు ఆ వాదన మళ్ళీ మొదలుపెడితే పొయ్యి కట్టేసి మరీ కూర్చుని వింటుంది. వసారా గచ్చు మీద బట్టల టబ్బు బోర్లించి, దాని మీద చక్రాలు ఆనకుండా కారుని నిలబెట్టి, ఎదురుగా గొంతుక్కూర్చుంది. నాలుగింటికి కొనే ఆయన వస్తాడు. ఇంజన్ ఒక్కసారి వినిపిస్తే చాలమ్మా, తీసుకెళ్ళిపోతాను అన్నాడు ఫోన్లో. ఆ వినిపించడం దగ్గరే పనంతా ఆగిపోయింది.

అమ్మెయ్యమన్నది తమ్ముడే. పాత పేపర్లు వేసెయ్యమన్నంత తేలిగ్గా అన్నాడు, గోడ వైపు తిరిగి పడుకునే అన్నాడు. అమ్మెయ్యక్కా, ఇంక నాకెందుకది. ఆ మాటకి ఆమె సరేనంది, వాడేం అడిగినా సరేననడం అలవాటైపోయింది కదా, ఆ తర్వాత కడిగిన గిన్నెలనే మళ్ళీ కడిగింది. కళ్ళు పోయినప్పుడు కూడా వాడు అంత తేలిగ్గా మాట్లాడలేదు. కళ్ళు వాడిని అడక్కుండా పోయాయి, ఇది వాడు చేతులారా వదిలేస్తున్నాడు, ఒకటి వదిలినవాడు రెండోది వదలడా, అన్నం వదలడా, మాట వదలడా. ఇప్పటికే గది వదిలి బయటికి రావడం మానేశాడు. ఆస్పత్రికి తప్ప గుమ్మం దాటి నెలలవుతోంది. అందుకే ఆమెకి ఈ ఇంజన్ కావాలి, మోగాలి, కిటికీ తలుపులు మూసుకుని లోపల పడుకున్నవాడి చెవిలో పడాలి, పడితే లేస్తాడేమో, లేచి వసారా దాకా వస్తాడేమో. మోగితేనేమో కొనే ఆయన తీసుకుపోతాడు. మోగకపోతే ఇంట్లోనే ఉంటుంది, ఉండి ఏం లాభం, మూల పడి ఉంటుంది, వాడిలాగే. ఛ, ఏం మాటలివి. తాడు లాగింది.

ఈసారి తాడు రాలేదు. ఎవరో అటుపక్క పట్టుకున్నట్టు బిగుసుకుపోయింది. ఆమె ఆగింది, ఇది వాడు పొద్దున్నే చెప్పాడు, చెప్పినవి నాలుగే ముక్కలు, అందులో ఇదొకటి, బిగుసుకుంటే బలం చూపించకు, తాడు తెగుతుంది, లోపల ఇంధనం నిండిపోయిందని అర్థం, ప్లగ్గు విప్పి కక్కించు. ప్లగ్గు విప్పే పానా ఎక్కడ పెట్టింది, ఇదిగో, చీర కుచ్చెళ్ళ కిందే ఉంది, ఇంజన్ నెత్తి మీద ఉన్న ప్లగ్గుని తిప్పి తిప్పి తీసింది, కారుని తలకిందులు చేసి పట్టుకుని తాడు లాగింది, అంతే, చిల్లులోంచి గులాబీ రంగు ఇంధనం పిచికారీ కొట్టినట్టు వచ్చి ముఖం మీద పడింది. ముక్కు, పెదవులు, కళ్ళజోడు, ఏదీ వదల్లేదు. ఎవరూ చూడలేదు కదా అని అటూ ఇటూ చూసుకుంది, చూసేవాళ్ళెవరున్నారు, భర్త లారీ తీసుకుని రెండూళ్ళ అవతల ఎవరి ఇల్లో మార్చడానికి వెళ్ళాడు, ఉన్న ఒక్కడూ చూడలేడు. ఆ ఆలోచన వచ్చినందుకు తనని తానే తిట్టుకుంటూ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆముదం వాసన. ఈ ఇంధనంలో ఆముదం కలుపుతారట, దుకాణంవాడు చెప్పాడు, ఇంజన్ అరగకుండా. ఆముదం తాగించే రోజున తమ్ముడు మంచం కింద దాక్కునేవాడు, కాలు పట్టుకుని బయటికి లాగే పని ఆమెది, ముక్కు మూసే పని ఆమెది, నాయనమ్మ గరిటె వంచేది, వాడు మింగినట్టు నటించి తర్వాత ఆమె గౌను మీదే ఊసేవాడు. ఇన్నేళ్ళకి మళ్ళీ ఊశాడు అనుకుంది, నవ్వొచ్చింది, నవ్వు సగంలో ఆగిపోయింది.

ప్లగ్గు తుడిచి, దాన్ని వేడిచేసే కడ్డీకి తగిలించి చూసింది. చిన్న తీగచుట్ట నారింజ రంగులో వెలిగింది. ఇది బాగానే ఉంది. ఇంధనం బాగానే ఉంది, పాతది పనికిరాదు, మూత తీసి నెలలైతే గాలిలో తడి లాగేస్తుందని దుకాణంవాడు చెబితే కొత్త సీసాయే తెచ్చింది. గాలి పీల్చుకునే చోట స్పాంజి శుభ్రంగా ఉంది. అన్నీ బాగానే ఉన్నాయి, రోగం మాత్రం ఉంది. డాక్టర్లు కూడా అలాగే అన్నారు కదా, కంటిగుడ్డు బాగుంది, లెన్సు బాగుంది, వెనకున్న నరమే ఎండిపోతోంది అని. నరం ఎందుకు ఎండిపోతుందండీ అంటే కొందరికి అలా అవుతుందన్నారు, అంతంత చదువులు చదివి చెప్పాల్సిన మాటేనా అది.

వాడి పని రంగులు కలపడం. దెబ్బ తిన్న కార్లకి రంగు వేసే షెడ్డులో వాడు లేకపోతే పని ఆగిపోయేది. మిగతావాళ్ళు కంప్యూటర్ చెప్పిన లెక్క ప్రకారం కలుపుతారు, వాడు మాత్రం పెట్రోలు పోసే చోట ఉండే చిన్న తలుపు ఊడదీసి తెమ్మని, దాన్ని ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి పట్టుకుని చూసి, డబ్బాలోకి చిటికెడు నలుపో రవ్వంత పసుపో వేసేవాడు. కొత్త కారుకి కాదక్కా రంగు కలపడం కష్టం, ఎండకి వెలిసినదానికి, వెలిసిన రంగుకి పేరుండదు అనేవాడు. ఒకరోజు ఎవరిదో తెల్ల కారు తలుపుకి వేసిన రంగు మిగతా ఒంటికి కలవలేదు, యజమాని నానా మాటలూ అన్నాడు, వాడు తలుపు దగ్గర నిలబడి, రెండూ ఒకటేగా, రెండూ ఒకటేగా అంటూ ఉండిపోయాడట. ఆ సాయంత్రం ఆమెకి ఫోన్ చేసి అక్కా, నాకు తెలుపులన్నీ ఒకటే తెలుపైపోయాయి అన్నాడు. ఆమె అప్పుడు ఎవరివో పింగాణీ కప్పులు కాగితంలో చుడుతోంది, భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, తెలుపంటే తెలుపే కదరా, అందులో రకాలేముంటాయి అంది. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తుంది. తెలుపులో రకాలు తెలిసినవాడికి ఆ రకాలు పోయాయి, తెలియని ఆమెకి మాత్రం చూపు భద్రంగా ఉంది, ఇదెక్కడి న్యాయం.

ప్లగ్గు బిగించింది. ట్యాంకులో ఇంధనం చూసుకుంది. వాడు చెప్పిన రెండో ముక్క, మొదట్లో ఇంధనం ఇంజన్ దాకా రాదు, సైలెన్సర్ మూతికి వేలు అడ్డం పెట్టి రెండుసార్లు లాగు, గాలి వెనక్కి తన్ని ట్యాంకులోంచి ఇంధనాన్ని తోస్తుంది, గొట్టంలో గులాబీ రంగు కనిపించగానే వేలు తియ్యి. పెట్టింది, లాగింది, సన్నటి గొట్టంలో గులాబీ గీత పాకుతూ వచ్చింది, వేలు తీసింది. అంతా చెప్పినట్టే చేస్తోంది. ఆమెకి చెప్పినట్టు చెయ్యడం వచ్చు, అందుకే కంపెనీలో ఇన్నేళ్ళ నుంచి ఉంది. ఇళ్ళు మారేవాళ్ళ సామాను సర్దే కంపెనీ అది, ఆమె చుట్టిన అట్టపెట్టె మెట్ల మీద నుంచి దొర్లినా లోపల గాజుగ్లాసు చిట్లదని పేరు. సూపర్‌వైజర్ కొత్తవాళ్ళకి ఆమె చేతులు చూసి నేర్చుకోమంటాడు. ఏ వస్తువులోనూ ఖాళీ ఉండకూడదు, ఖాళీ ఉంటే కదులుతుంది, కదిలితే పగులుతుంది. సొరుగుకి టేపు, సీసాకి రెండో మూత, కూజా కడుపులో కాగితం. ఈ పని ఆమె చూడకుండా చేస్తుంది, మాట్లాడుతూ చేస్తుంది, చేతులే చూసుకుంటాయి.

తమ్ముడి ఇల్లు కూడా తనే సర్దింది. కంపెనీ వాళ్ళని ఎవరినీ రానివ్వలేదు, భర్త లారీని ఇంటి వెనక నిలబెట్టించి, ఒక్కతే సర్దింది. వాడిని హాలు మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టింది, కదలకురా, చుట్టూ పెట్టెలున్నాయి అంది. వాడు కదల్లేదు. గోడల మీది పటాలు, వంటగిన్నెలు, బట్టలు, రంగుల నమూనా రేకులు, ఈ కారు, దీని సామాను, అన్నీ ఒక్కొక్కటే పెట్టెల్లోకి వెళ్ళిపోయాయి, టేపు చించిన చప్పుడైనప్పుడల్లా వాడి తల అటు తిరిగేది. సాయంత్రానికి ఇల్లంతా ఖాళీ అయి, మధ్యలో కుర్చీ, కుర్చీలో వాడు మిగిలారు. ఇంకా ఏం మిగిలింది అని గది నాలుగు మూలలా చూడటం ఆమెకి అలవాటు, చూసింది, వాడి మీద చూపు ఆగింది. నన్ను ఏ పెట్టెలో పెడతావక్కా అన్నాడు వాడు, నవ్వుతూనే అన్నాడు. ఆమె కూడా నవ్వింది, పైన 'జాగ్రత్త, పగిలేది' అని కాగితం అంటిస్తాలే అంది. ఇద్దరూ నవ్వారు కదా, అయినా ఆ మాట ఇప్పుడెందుకు గుచ్చుకుంటోంది.

తాడు లాగింది. టప్, టప్ అంది ఇంజన్.

అంటుకుంది, లోపల నిప్పు అంటుకుంది, బతికే ఉంది. గబగబా మళ్ళీ లాగింది, టప్, టప్, గొంతు నులిమినట్టు ఆగిపోయింది, మళ్ళీ లాగబోతే తాడు బిగుసుకుంది. మళ్ళీ నిండిపోయింది. మళ్ళీ పానా, మళ్ళీ ప్లగ్గు, మళ్ళీ తలకిందులు, ఈసారి తెలివి తెచ్చుకుని గుడ్డ అడ్డం పెట్టింది. తల ప్రాణం తోకకొచ్చింది. కిటికీ వైపు చూసింది. తలుపులు మూసే ఉన్నాయి. వినపడి ఉంటుంది, వినపడకుండా ఎలా ఉంటుంది, వాడి చెవులు ఇప్పుడు గోడ అవతల చీమ నడిచినా పట్టేస్తాయి, ఆమె అడుగుల్ని బట్టి కోపంగా ఉందో అలిసిపోయి ఉందో చెప్పేస్తాడు. అయినా ఉలుకూ పలుకూ లేదు.

వచ్చిన కొత్తల్లో ఇలా ఉండేవాడు కాదు. గదిలోంచి హాల్లోకి, హాల్లోంచి వసారాలోకి గోడ తడుముకుంటూ తిరిగేవాడు. ఆమె ఇల్లంతా వాడికి తగ్గట్టు మార్చింది, బల్లల అంచులకి కంపెనీ నుంచి తెచ్చిన స్పాంజి అట్టలు అంటించింది, తివాచీ తీసేసింది, వంటింటి తలుపుకి గొళ్ళెం పెట్టింది, మంచినీళ్ళు చేతికి అందించింది, చొక్కా గుండీలు పెట్టబోతే వాడే చెయ్యి తోసేశాడు. ఒకరోజు ఆమె పనికెళ్ళిన సమయంలో ఒక్కడే గేటు దాకా వెళ్ళి, మెట్టు మీద తప్పటడుగు వేసి పడ్డాడు. మోకాలు కొట్టుకుపోయింది, అంతే, చిన్నప్పుడు అలాంటివి వారానికొకటి. కానీ ఆమె ఆ రక్తం చూసి ఇల్లెగిరిపోయేలా అరిచింది, ఎవరు వెళ్ళమన్నారు, నన్ను పిలవడానికేం, ఏమన్నా అయితే నేనేమైపోవాలి అని. వాడు మర్నాటి నుంచి గదిలోంచి రాలేదు. ఆమె భర్త ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు, ఆ మధ్య భోజనం దగ్గర కంచంలోకి చూస్తూ అన్నాడు, మీ తమ్ముడికి పోయింది కళ్ళేనే, నువ్వు కాళ్ళు కూడా తీసేస్తున్నావు అని. దాంతో మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మాట్లాడలేదు గానీ ఆ మాటని వదిలించుకోనూ లేదు, పని చేస్తున్నా, పెట్టె చుడుతున్నా, పక్కనే కూర్చున్నట్టుండేది. ఆయనకేం తెలుసు, వాడిని చంక దిగనివ్వకుండా పెంచింది తను, అమ్మ పనికి పోతే వాడికి అమ్మ తనే. ఎత్తుకుని ఎత్తుకుని తన నడుమే ఓ పక్కకి ఒరిగిపోయింది. వాడు నడక నేర్చుకోవడం ఆలస్యమైందని అమ్మ ఎప్పుడూ అనేది, ఎందుకు ఆలస్యమైందో మాత్రం అనేది కాదు.

ప్లగ్గు బిగించి, వేలు పెట్టి, లాగి, వేలు తీసి, మళ్ళీ లాగింది. టప్, టప్, టప్. ఆగిపోయింది.

"వేలు తియ్యక్కా."

కిటికీ వెనక నుంచి. మామూలు గొంతు, పడుకున్నవాడి గొంతు కాదు, లేచి కూర్చున్నవాడిది. ఆమె చెయ్యి తాడు మీదే ఆగిపోయింది. తొందరపడి మాట్లాడితే ఎక్కడ ఊరుకుంటాడో అని భయమేసింది.

"తీశానురా. ఎప్పుడో తీశాను."

"తియ్యలేదు. తీస్తే అలా మోగదు."

"నా రెండు చేతులూ నా దగ్గరే ఉన్నాయి. ఒకదానిలో తాడు, ఒకదానిలో కడ్డీ. మూడో చెయ్యెక్కడ్నుంచి తేను?"

లోపల మంచం కిర్రుమంది. గదిలో అడుగులు, గోడ మీద అరచెయ్యి రాసుకుంటున్న చప్పుడు, హాలు, హాల్లో బల్ల మూల, ఆ మూలకి తగలకుండా ఎలా తిరిగాడో, గుమ్మం. లేచి వెళ్ళాలి, చెయ్యి పట్టుకోవాలి, గుమ్మం దగ్గర చిన్న దిగుడుంది, చెప్పాలి. లేవబోయింది, ఒడిలో విప్పిన సీసా, ఒక చేతిలో కారు, ఇంకో చేతిలో ఇంజన్‌కి తగిలించిన కడ్డీ, వేళ్ళ నిండా నూనె, లేస్తే అంతా బోర్లా పడుతుంది. లేవలేకపోయింది. వాడు గుమ్మం దగ్గర ఆగి, పాదంతో దిగుడు వెతుక్కుని, దిగి, వాసన వచ్చిన వైపు నాలుగడుగులు వేసి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. నెరిసిన గడ్డం, నలిగిన చొక్కా, ఒక గుండీ తప్పు చిల్లులో ఉంది. ఎండలో చూసి ఎన్నాళ్ళయిందో, ఎంత పాలిపోయాడో ఇప్పుడు తెలిసింది.

వాడు చెయ్యి చాచి ఇంజన్ నెత్తి మీద పెట్టాడు. వేడెక్కలేదు. వేళ్ళు గొట్టం వెంట, ట్యాంకు మూత మీదుగా, సైలెన్సర్ మీదుగా చివరికి వెళ్ళాయి. వంగి వాసన చూశాడు.

"పచ్చి ఇంధనం వాసనే వస్తోంది. పొగ వాసన లేదు. ఇంజన్ అన్నిసార్లు టప్ టప్ అన్నదానికి పొగ ఎటు పోయినట్టు?"

నిజమే, పొగ చూడలేదు. కళ్ళున్నాయి గానీ చూడలేదు.

"లాగు," అన్నాడు, సైలెన్సర్ చివర అరచెయ్యి పెట్టి. లాగింది. "గాలి రావట్లేదు. ఏదో అడ్డముంది. అందుకే నువ్వు వేలు తీసినా తియ్యనట్టే ఉంది. లోపలి గాలి బయటికి పోయే దారి లేక ట్యాంకులోకి తంతోంది, తన్నినకొద్దీ ఇంధనం వచ్చి ఇంజన్ మునిగిపోతోంది." చిటికెన వేలు గొట్టంలోకి దూర్చాడు. "మెత్తగా ఉంది. గుడ్డలా ఉందే."

ఆ మాట వినగానే ఆమెకి అంతా గుర్తొచ్చింది. ఆ రోజు వాడి ఇంట్లో కారుని కాగితంలో చుట్టబోతే సైలెన్సర్ చివర నుంచి నల్లటి నూనె బొట్టు కారింది, అదే పెట్టెలో వాడి కొత్త దుప్పటి ఉంది, మరకవుతుందని పక్కనున్న పసుపు రంగు తుడుపు గుడ్డ చింపి, పెన్సిల్‌తో లోపలికంటా కుక్కేసింది. కుక్కుతూ వాడికి ఏదో చెబుతూనే ఉంది, కొత్త ఇంట్లో నీకు కిటికీ ఉన్న గది అనో ఏదో. తన చేతులే. ఇప్పటిదాకా ప్లగ్గుని అనుమానించింది, ఇంధనాన్ని అనుమానించింది, దుకాణంవాడిని తిట్టుకుంది, ఇంజన్‌కి పంతమంది.

"నేనేరా. సర్దేటప్పుడు కారుతుందని... నేనే పెట్టాను. మర్చిపోయాను."

తలలోంచి పిన్ను తీసి, వంకర చేసి, గొట్టంలోకి పోనిచ్చి లాగింది. గుడ్డ వచ్చింది, వస్తూనే ఉంది, నూనె పీల్చుకుని నల్లబడి, జానెడుంది. వాడు దాన్ని తీసుకుని వేళ్ళతో కొలిచాడు. కొలిచి, నవ్వాడు. పెద్ద నవ్వేం కాదు, ముక్కుతో నవ్వేది, భుజాలు కదిలేది.

"నువ్వు సర్దితే పొగ కూడా బయటికి రాదక్కా," అన్నాడు.

ఆమెకి ఏడుపొచ్చింది. నవ్వుతూనే అన్నాడు, నింద లేదు ఆ గొంతులో, అందుకే ఏడుపొచ్చింది. చప్పుడు కాకుండా ఏడుద్దామనుకుంది, వాడి దగ్గర చప్పుడు కాకుండా ఏడవడం కుదరదని మర్చిపోయింది. వాడు కారుని తన వైపు తిప్పుకుని, ప్లగ్గు తనే విప్పి, ఇంజన్‌ని తనే కక్కించి, బిగించి, తాడు పట్టుకున్నాడు. లాగింది ఒక్కసారే, మణికట్టుతో, పొట్టిగా. ఇంజన్ అంటుకుంది.

అబ్బ, ఏం చప్పుడది. వసారా రేకులు అదిరాయి, ఎదురింటి కుక్క లేచి మొరిగింది, సైలెన్సర్‌లోంచి పొగ బుస్సున వచ్చి ఆమె ఒళ్ళో పడింది. ఆమె చెవులు మూసుకుంది, వాడు తెరుచుకున్నాడు, తల ఒక పక్కకి వాల్చి, కార్బొరేటర్ పక్కనున్న ఇత్తడి మరని చిన్న స్క్రూడ్రైవర్‌తో వెతికి పట్టుకుని కొంచెం తిప్పాడు, విన్నాడు, మళ్ళీ కొంచెం.

"ఎక్కువ తాగుతోంది," అని అరిచాడు. "అక్కా, పొగ ఏ రంగులో ఉంది?"

"తెల్లగా."

"తెలుపంటే ఏ తెలుపు?"

ఆమె చూసింది. జీవితంలో మొదటిసారి తెలుపు వైపు నిజంగా చూసింది. ఏ తెలుపు అంటే ఏం చెప్పాలి, తెలుపంటే... కాదు, ఉత్త తెలుపు కాదు, వెలుగు వైపు ఒకలా, నీడ వైపు ఒకలా ఉంది. "పాలలా చిక్కగా ఉందిరా. చివర్న మాత్రం పలచబడుతోంది."

వాడు మర తిప్పాడు. ఇంజన్ గొంతు సన్నబడింది. "ఇప్పుడు?"

"ఇప్పుడు పలచగా... గిన్నె కడిగిన నీళ్ళలా. ఉండు, ఉండు, నీలం ఉంది. కొంచెమే. తెలుపులో నీలం ఉంది."

"ఆ," అన్నాడు వాడు, "అదీ." స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. కారుని ఎత్తి వసారా దిగువన నేల మీద ఉంచాడు. "రిమోట్ తీసుకో. మీట మెల్లిగా నొక్కు, గుంజకు. పైనున్న చక్రం తిప్పితే పక్కలకి తిరుగుతుంది. గేటు తీసి బయటికి పోనివ్వు, నేను వింటాను."

గేటు తీసింది. మీట నొక్కితే కారు ఒక్క ఉదుటున దూకి పూలకుండీని రాసుకుంటూ పోయింది, ఆమె వదిలేసి మళ్ళీ మెల్లిగా నొక్కింది, కారు గేటు దాటి వీధిలోకి వెళ్ళింది. వాడు దాని వెనక వెళ్ళాడు. వింటాడంతే అనుకుంది, వింటానన్నవాడు నడుస్తున్నాడు, గేటు మెట్టు దగ్గర పాదం ఆపి, దిగి, వీధిలో, ఎండలో, చేతులు కొంచెం ముందుకి చాచి, చప్పుడు వెనకే. ఆమె నోటి దాకా మాటలొచ్చాయి, ఆగరా, చెయ్యివ్వు, అటు కాదు. పళ్ళ మధ్య పెదవి కొరికి పట్టుకుంది. మీట మెల్లిగా నొక్కుతూ కారుని వాడి నడకకి సరిపోయేలా, ముందు పదడుగుల దూరంలో ఉంచింది. వీధి మధ్యలో ఎవరో స్కూటర్ అడ్డంగా నిలిపారు, కారు సన్నగా దాని కింద నుంచి దూరిపోగలదు, వాడు దూరలేడు, అందుకని చక్రం తిప్పి కారుని వెడల్పుగా చుట్టూ పోనిచ్చింది. చప్పుడు వంపు తిరిగింది, వాడూ వంపు తిరిగాడు.

"ఇంకా పోనివ్వు," అని వెనక్కి తిరక్కుండానే అరిచాడు.

పోనిచ్చింది. వీధి చివరి ఇళ్ళ దగ్గర, ఉన్నట్టుండి ఇంజన్ గొంతు కీచుగా పైకి లేచి, తెగిపోయింది. ఇంధనం అయిపోయింది. చిన్న ట్యాంకు, ఎంతసేపు వస్తుంది, ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు.

చప్పుడు పోయేసరికి వాడు నిలబడిపోయాడు. చేతులు గాల్లో ఏదో వెతికాయి, గోడ దొరకలేదు, తల ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, ఏ వైపు ఇల్లో ఏ వైపు కారో తెలియక ఒక అడుగు తప్పు వైపు వేసి ఆగాడు. ఆమె గేటు బయట నిలబడి ఉంది. పిలవాలి, పిలిస్తే చాలు, గొంతు వైపు తిరిగి వచ్చేస్తాడు. పరిగెత్తితే ఇంకా మేలు. కాళ్ళు అప్పుడే ముందుకి పడ్డాయి, గేటు ఊచ పట్టుకుని తనని తాను ఆపుకుంది. ఇంతకన్నా బరువైనదేదీ ఆ చేతులు ఇన్నేళ్ళలో మొయ్యలేదు. పడతాడేమో. పడనీ. దేవుడా, పడనివ్వకు, నేను మాత్రం పిలవను.

వాడు ముఖం కొంచెం ఎత్తి గాలి పీల్చాడు. పొగ ఇంకా అక్కడే ఉంది. వంగి, ఒక మోకాలు రోడ్డు మీద ఆనించి, అరచెయ్యి నేలకి దగ్గరగా పెట్టి మెల్లిగా జరిపాడు, చల్లారుతున్న ఇంజన్ టిక్కుటిక్కుమంటుంది కదా, దాని వేడి కూడా తగిలి ఉంటుంది, చెయ్యి ఆగింది. చక్రం దొరికింది. కారుని ఎత్తి ఛాతీకి ఆనించుకుని నిలబడ్డాడు. అప్పుడే వీధి మలుపులోంచి ఒక మోటారుసైకిల్ వచ్చి వాడి పక్కన ఆగింది. హెల్మెట్ తీశాడు వచ్చినాయన, కారుని చూసి ముందుకి వంగాడు. కొనే ఆయనే అయ్యుంటాడు. ఏదో అడిగాడు, వాడేదో చెప్పాడు, ఆయన మళ్ళీ ఏదో అన్నాడు, వాడు అడ్డంగా తల ఊపాడు. ఒక్క మాటా వినపడలేదు. ఆయన బండి దిగి స్టాండు వేసి, చెయ్యి చాపబోయి, ఒక క్షణం ఆగి, వాడి చేతికి తన చెయ్యి అందించాడు. ఇద్దరూ ఇంజన్ మీదికి తలలు వంచారు.

తర్వాత వాడు తల ఎత్తాడు. షెడ్డులో ఆ చివర నుంచి ఈ చివరికి కేకేసే గొంతు, నెలల నుంచి ఆమె వినని గొంతు.

"అక్కా, ఇంధనం సీసా పట్టుకురా. అమ్మట్లేదని చెప్పేశాను, విని వెళ్తాడట." కాస్త ఆగి, ఇంకొంచెం గట్టిగా అన్నాడు. "చూసుకుని రా. నువ్వు కారుని చుట్టూ తిప్పి పోనిచ్చావే, అక్కడేదో అడ్డముంది."

ఆమె సీసా తీసుకుని వీధిలోకి బయలుదేరింది.